ఓటక్సా: ఒక పువ్వు పేరులో దాక్కున్న మనిషి

మన చరిత్ర ముచ్చట్లలో ఇవాళ రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పూలమొక్క ఉంది. కానీ ఆ మొక్క చుట్టూ గూఢచర్యం, జైలు, దేశబహిష్కారం, రెండున్నరేళ్ల పాపను వదిలి వెళ్లిన ఓడ, ఇవన్నీ ఉన్నాయి. అందుకే చరిత్రలోకి తీసుకొచ్చాను.

ఇది మొదలైంది ఒక ప్రేక్షకురాలు పంపిన మెసేజ్‌తో. ఆవిడ న్యూజెర్సీలో ఉంటారు. కొత్తగా కొనుక్కున్న ఇంటి ముందర మూడు పొదలున్నాయట. ఫోటోలు పంపి మూడు ప్రశ్నలు అడిగారు. "మాస్టారూ, ఇదేం పువ్వు? ఇక్కడ ఒకరు హైడ్రాంజియా అంటారు, ఒకరు వైబర్నమ్ అంటారు. పోయినేడు నీలంగా పూసింది, ఈ ఏడు గులాబీ రంగులోకి మారింది, ఎందుకని? మూడో పొద మావారు మార్చిలో శుభ్రంగా కత్తిరించారు, అది అసలు పూయనే లేదు, చచ్చిపోయిందంటారా?"

నేను తోటమాలిని కాదు, చరిత్ర చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ మొదటి ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. ఎందుకంటే ఆవిడ పొరుగువాళ్లు పడుతున్న గొడవే 1784లో ఐరోపాలో ఒక మహా వృక్షశాస్త్రజ్ఞుడు కూడా పడ్డాడు. పడి, తప్పు జవాబు రాశాడు. అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఊటీ, కొడైకెనాల్ వెళ్లినవాళ్లు ఈ పువ్వును చూసే ఉంటారు. కాలిఫ్లవర్ అంత గుండ్రటి గుత్తి, నీలం, ఊదా, గులాబీ. దీని సొంత ఊరు జపాన్. అక్కడ దీన్ని అజిసాయి అంటారు. జూన్‌లో వాళ్లకి వర్షాకాలం మొదలవుతుంది, అప్పుడే ఇది పూస్తుంది. మనకి తొలకరి అనగానే మట్టివాసన గుర్తొచ్చినట్టు, వాళ్లకి వాన అనగానే అజిసాయి గుర్తొస్తుంది. ఎనిమిదో శతాబ్దపు మన్యోషూ కవితా సంకలనంలోనే దీని ప్రస్తావన ఉంది.

ఇక్కడే మొదటి పొరపాటు. జపనీయులు అజిసాయిని రాసే చైనా అక్షరాలకు "ఊదారంగు సూర్యుడి పువ్వు" అని అర్థం. ఆ పేరు చైనా కవి బాయ్ జుయీ పెట్టాడు. ఒక గుడిలో ఎవరికీ పేరు తెలియని పువ్వు ఒకటి చూసి, దానికి ఆ పేరు పెట్టాడు. పదో శతాబ్దంలో మినమోతో నో షితగో అనే జపాన్ పండితుడు నిఘంటువు రాస్తూ, ఆ పువ్వు మన అజిసాయే అయి ఉంటుందని అనుకున్నాడు. కవి చూసింది వేరే పువ్వని ఇప్పటి పండితుల మాట. కానీ ఆ అక్షరాలే వెయ్యేళ్లుగా నిలబడిపోయాయి. ఈ మొక్కకి పేర్లన్నీ పొరపాటునే వచ్చాయా అనిపిస్తుంది. ముందు ముందు చూడండి.

ఇప్పుడు దేజిమాకి వెళ్దాం. నాగసాకి రేవులో మనుషులు కట్టిన చిన్న దీవి, విసనకర్ర ఆకారంలో ఉంటుంది. మొత్తం నాలుగెకరాలు కూడా ఉండదు. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా, జపాన్‌లో ఐరోపావాళ్లు ఉండటానికి అనుమతి ఉన్న చోటు అదొక్కటే. ఆ ఐరోపావాళ్లు కూడా డచ్చివాళ్లు మాత్రమే. ఊళ్లోకి వంతెన ఒకటుంది, దానికి కాపలా ఉంది. అనుమతి లేకుండా దాటకూడదు.

ఈ డచ్చి కంపెనీ మనకేం కొత్త కాదు. మచిలీపట్నంలో 1600ల తొలి సంవత్సరాల్లోనే వాళ్ల వర్తకస్థానం ఉంది. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లోనే జపాన్ దాకా వెళ్లాయి. అక్కడివాళ్లు వాటిని సరసా అని పిలుచుకుని, ముక్కముక్కనీ దాచుకున్నారు. ఈ అద్దకం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, పువ్వు రంగు దగ్గర మళ్లీ పని పడుతుంది.

1775లో ఆ దీవికి కార్ల్ పీటర్ థున్‌బెర్గ్ అనే స్వీడన్ వైద్యుడు వచ్చాడు. లినేయస్ శిష్యుడు. మొక్కల పిచ్చి. కానీ దీవి దాటి వెళ్లి మొక్కలు ఏరుకోవడం ఎలా? ఆయన ఏం చేశాడంటే, దీవిలోని పశువులకు రోజూ ఒడ్డు నుంచి మేత వస్తుంది కదా, ఆ గడ్డిమోపులు విప్పి వెతికేవాడు. పశువుల మేతలోంచి ఒక దేశపు వృక్షశాస్త్రం రాయడం మొదలుపెట్టాడన్నమాట. తర్వాత ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి, డచ్చి బృందంతో ఒకసారి వెళ్లే అవకాశం వచ్చింది. దారిలో కూడా ఏరుకున్నాడు. 1784లో ఆయన పుస్తకం ఫ్లోరా జపోనికా అచ్చయింది.

అందులో అజిసాయి ఉంది. కానీ ఏ పేరుతో? వైబర్నమ్ మాక్రోఫిల్లమ్. అంటే "పెద్ద ఆకుల వైబర్నమ్". అదే తప్పు!

ఎందుకు పొరబడ్డాడో అర్థం చేసుకుంటే, న్యూజెర్సీ అమ్మగారి మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. రెండూ పొదలే. రెండింటి ఆకులూ కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా వస్తాయి. రెండింటిలోనూ కొన్ని రకాలకు గుత్తి అంచున పెద్ద పెద్ద డాబు పూలుంటాయి, మధ్యలో సన్నటి అసలు పూలుంటాయి. ఆ డాబు పూలు పురుగుల్ని పిలవడానికి మాత్రమే, వాటికి గింజ కట్టదు.

మరి తేడా ఎలా కనిపెట్టాలి? హైడ్రాంజియాలో మనం రేకులనుకునేవి అసలు రేకులే కావు. చిన్నప్పుడు బళ్లో మందార పువ్వు కోసి చూపించేవారు గుర్తుందా, కింద పచ్చగా ఉండేవి రక్షక పత్రాలు, పైన ఎర్రవి ఆకర్షణ పత్రాలు అని. హైడ్రాంజియా డాబు పువ్వులో ఆ రక్షక పత్రాలే పెద్దవై రంగెక్కుతాయి. మన కాగితంపూలలో రంగుది పువ్వు కాకుండా ఆకే అయినట్టు, ఇదీ అలాంటి వేషమే. అందుకే ఈ పువ్వు తొందరగా రాలదు. నెలల తరబడి కొమ్మమీదే ఉండి, చివరికి కాగితంలా ఎండుతుంది.

కాబట్టి పరీక్ష ఇది. ఒక డాబు పువ్వు తీసుకుని, ఒక రేకను పట్టి మెల్లగా లాగండి. నాలుగో ఐదో రేకులు దేనికది విడిగా ఊడొస్తే హైడ్రాంజియా. ఐదూ అడుగున కలిసిపోయి ఒకటే ముక్కగా వస్తే వైబర్నమ్. రెండో పరీక్ష పూలైపోయాక. కండ ఉన్న పండ్లు కాస్తే వైబర్నమ్. హైడ్రాంజియాకి పండు ఉండదు. మిరియపు గింజకన్నా పెద్దది కాని ఎండు కాయ ఉంటుంది, పైన మూతి తెరుచుకుని, బుల్లి నీళ్లచెంబులా ఉంటుంది.

ఆ చెంబు దగ్గరే అసలు పేరు పుట్టింది. నీరు, పాత్ర అనే రెండు గ్రీకు మాటలు కలిపితే హైడ్రాంజియా. నీళ్లు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఆ పేరని చాలామంది చెబుతారు. తాగడం నిజమే, పేరుకు కారణం మాత్రం అది కాదు. కాయ ఆకారం. ఇంకో తమాషా, ఆ పేరు పెట్టింది జపాన్ మొక్కకి కాదు, అమెరికా మొక్కకి. వర్జీనియా నుంచి వచ్చిన మొక్కల్ని చూసి లైడెన్ పట్టణపు గ్రోనోవియస్ 1739లో ఆ పేరు అచ్చువేశాడు. అంతకు ముందే 1736లో ఫిలడెల్ఫియా రైతు జాన్ బార్‌ట్రమ్ పంపిన మొక్క లండన్‌లో పీటర్ కాలిన్సన్ తోటకు చేరింది. తెల్లటి పూలు పూసే అడవి పొద అది. అంటే మన అమ్మగారు ఇప్పుడుంటున్న ప్రాంతం చుట్టుపక్కల అడవుల్లోదే.

సరే, జపాన్ మొక్కకి ఈలోగా మరో పేరు. మారిషస్‌లో ఉన్న ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిబేర్ కొమ్మెర్సన్ తూర్పు నుంచి వచ్చిన ఈ తోటమొక్కను చూసి ఓర్టాన్సియా అన్నాడు. ఆ ఓర్టాన్స్ ఎవరన్న దానిమీద కథలు బోలెడు. ఫలానా దొరసాని అని ఒకరు, కాదు ఇంకొకరి కూతురని ఒకరు, అసలు మనిషే కాదు, లాటిన్‌లో తోట అనే మాట నుంచి వచ్చిందని మరొకరు. ఏదైతేనేం, ఫ్రాన్సులో ఇప్పటికీ పూలకొట్లో ఓర్టాన్సియా అనే అడగాలి. ఈ కొమ్మెర్సన్‌తో పాటు జాన్ బారే అనే ఆవిడ మగవేషంలో ఓడెక్కి వచ్చింది. మొక్కలు మోసింది, ఏరింది. భూమిని చుట్టి వచ్చిన తొలి మహిళగా ఇవాళ ఆమెను చెప్పుకుంటున్నాం. ఆయన ఆమె పేరు ఒక మొక్కకు పెట్టాడు. ఆ పేరు శాస్త్రంలో నిలవలేదు, ఆ మొక్కను ఇప్పుడు వేరే పేరుతో పిలుస్తారు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే సరిగ్గా ఇలాంటిదే ఇంకొకటి జరిగింది, ఇవాళ్టి అసలు కథ అదే.

1823 ఆగస్టులో దేజిమాలో ఇరవయ్యేడేళ్ల కొత్త వైద్యుడు దిగాడు. పేరు ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ జీబోల్ట్. జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ వాడు. డచ్చివాళ్లు తప్ప ఇంకెవరూ రాకూడదు కదా, మరి ఎలా వచ్చాడు? జపాన్ దుబాసీలకు ఆయన డచ్చి ఉచ్చారణ తేడాగా వినిపించిందట. "నేను కొండప్రాంతపు డచ్చివాణ్ణి, మా యాస ఇంతే" అని సర్దిచెప్పారని ఒక కథ. హాలండులో కొండలెక్కడివి? వినేవాళ్లకు తెలియదు కాబట్టి సరిపోయింది.

చేతిలో మంచి వైద్యం ఉంది. కంటి శుక్లాలు తీసేవాడు. పేరు పాకింది. 1824లో దీవి బయట నారుటకి అనే చోట బడి పెట్టుకోవడానికి అనుమతిచ్చారు. ఇది మామూలు సదుపాయం కాదు. దేశం నలుమూలల నుంచి యువ వైద్యులు వచ్చారు. ఆయన వాళ్ల దగ్గర ఫీజు తీసుకునేవాడు కాదు. బదులుగా జపాన్ గురించి డచ్చి భాషలో వ్యాసాలు రాయించుకునేవాడు. తేయాకు పెంపకం, ఆచారాలు, మొక్కలు, ఏదైనా సరే. అటు చదువు, ఇటు సమాచారం. ఇద్దరికీ లాభమే. కానీ సమాచారం సేకరించడం ఆయన ఉద్యోగంలో భాగం కూడా, అది మరిచిపోకూడదు.

దేజిమాలోకి కుటుంబ స్త్రీలు వెళ్లకూడదు. నాగసాకిలోని మరుయమ వేశ్యావాటిక నుంచి వచ్చే స్త్రీలకు మాత్రమే ప్రవేశం. ఆ జాబితాలో సోనోగి అనే పేరుతో ఒక అమ్మాయి ఉంది. అసలు పేరు కుసుమోతో టకి. నిజంగానే ఆ వృత్తిలో ఉన్న అమ్మాయని కొందరు, దీవిలోకి వెళ్లడానికి పేరుకు అలా నమోదు చేయించారని కొందరు. ఏదైనా ఒకటి మాత్రం ఖాయం. జీబోల్ట్ ఆమెను భార్యగా చూసుకున్నాడు. ఇంటికి ఆ సంగతి ఉత్తరాల్లో రాశాడు. 1827లో వాళ్లకు కూతురు పుట్టింది. పేరు ఇనే.

ఆ మధ్యలో, 1826లో, జీబోల్ట్ ఎదోకి వెళ్లాడు. అక్కడ ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడు, గ్రంథాలయాధికారి తకహషి కగేయసు పరిచయమయ్యాడు. తకహషి దగ్గర ఒక నిధి ఉంది. ఇనో తదతక అనే ఆయన యాభై అయిదేళ్ల వయసులో మొదలుపెట్టి, జపాన్ తీరమంతా నడిచి, కొలిచి గీసిన పటాలవి. ఆయన పోయాక 1821లో పూర్తయ్యాయి. వాటిని విదేశీయుడికి ఇవ్వడం నేరం. జీబోల్ట్ దగ్గరా ఒక ఆకర్షణ ఉంది. రష్యన్ నావికుడు క్రూజెన్‌స్టెర్న్ యాత్రా గ్రంథం. ఉత్తర సముద్రాల సంగతి తెలుసుకోవాలని తకహషికి ఎంత ఆశో! పుస్తకం ఇటొచ్చింది, పటాల నకళ్లు అటెళ్లాయి.

1828లో గుట్టు బయటపడింది. ఆ సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చి, జీబోల్ట్ సామాను ఎక్కాల్సిన ఓడ ఒడ్డున పడిందని, అందులో పటాలు దొరికాయని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటి చరిత్రకారులు వేరే దారి చూపిస్తున్నారు. జీబోల్ట్ ఎదోలోని అన్వేషకుడు మమియ రింజోకి ఒక పొట్లం పంపాడు. ఆయన నియమం ప్రకారం దాన్ని విప్పకుండా అధికారులకు అప్పజెప్పాడు. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది.

తకహషి 1829లో జైల్లో చనిపోయాడు. విచారణ పూర్తికాలేదు కాబట్టి శవాన్ని ఉప్పులో దాచిపెట్టారు. తీర్పు వచ్చాక, ఆ శవానికే శిరచ్ఛేదం శిక్ష వేశారు. కొడుకులను ద్వీపాంతరం పంపారు. దుబాసీలు, శిష్యులు, ఎంతోమంది శిక్షలు పడి నలిగిపోయారు. జీబోల్ట్‌కి ఏమైంది? దేశబహిష్కారం. మళ్లీ జపాన్‌లో అడుగుపెట్టకూడదు. చూడండి, ఆయన మిత్రులకు ప్రాణాలు పోయాయి, ఆయనకు దేశం పోయింది, అదీ తనది కాని దేశం. ఈ లెక్క సమానమని నేననుకోను. ఆయన విజ్ఞానసేవను మెచ్చుకునేటప్పుడు దాని ధర ఎవరు కట్టారో కూడా చెప్పుకోవాలి.

1829 చివర్లో ఆయన ఓడెక్కాడు. ఇనేకి అప్పటికి రెండున్నరేళ్లు. తల్లీబిడ్డల బొమ్మలు మూతమీద ముత్యపు చిప్ప పొదుగుతో చేసిన చిన్న డబ్బీ ఒకటి ఆయనకు చేరింది. అది ఇప్పటికీ నాగసాకిలో భద్రంగా ఉంది.

ఆయన లైడెన్‌లో స్థిరపడ్డాడు. తెచ్చుకున్న మొక్కల నమూనాలతో మ్యూనిక్ శాస్త్రజ్ఞుడు జుక్కారినితో కలిసి 1835 నుంచి విడివిడి భాగాలుగా కొత్త ఫ్లోరా జపోనికా అచ్చువేయించాడు. రంగులద్దిన అందమైన బొమ్మలు. అందులో గుండ్రటి నీలి అజిసాయి బొమ్మ కింద రాసిన పేరు హైడ్రాంజియా ఓటక్సా. జపనీయులు ఈ రకాన్ని ఓటక్సా అంటారని వివరణ కూడా రాశాడు.

డెబ్బై ఎనభై ఏళ్లు గడిచాయి. జపాన్‌లో మకినో తోమితరో అనే గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. బడి చదువు కూడా పూర్తిచేయకుండా దేశంలోని మొక్కలన్నీ ఔపోసన పట్టిన మనిషి. ఆయనకు అనుమానం వచ్చింది. ఓటక్సా అట! జపాన్‌లో ఏ మూల వెతికినా ఈ మొక్కను ఆ పేరుతో పిలిచేవాళ్లు దొరకలేదు. చివరికి తట్టింది. ఓ-టకి-సాన్. మన "టకి గారు" అన్నట్టు. గబగబా పలికితే ఓటక్‌సా. జీబోల్ట్ తన ప్రియురాలి పేరును, ఊరిపేరుగా మార్చి, లాటిన్ వేషం వేసి, పుస్తకంలో దాచేశాడు!

మకినోకి కోపం వచ్చింది. ఒక వేశ్య పేరు తెచ్చి పవిత్రమైన పువ్వుకు అంటగడతాడా అని తిట్టిపోశాడు. ఆ కోపంలో ఒక సగం న్యాయం ఉంది. లేని స్థానిక నామాన్ని ఉన్నట్టు రాయడం శాస్త్రంలో అబద్ధమే. ఇంకో సగం మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే 1928లో తన భార్య సుయెకో చనిపోతే, ఇదే మకినో ఒక వెదురుగడ్డికి ఆమె పేరు పెట్టాడు. సుయెకోజసా. అప్పులతో, బిడ్డలతో ఆ ఇల్లాలు పడ్డ పాట్లు అందరికీ తెలుసు, ఆ పేరు వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది. మరి ఒక భార్య పేరు గౌరవం, ఇంకొక భార్య పేరు అపవిత్రం ఎలా అయింది? మొక్క దగ్గర తేడా లేదు. మనిషి ఏ వాడలో నమోదైందన్నదే తేడా.

ఇంతకీ ఆ పేరు నిలిచిందా? లేదు. వృక్షశాస్త్రంలో ఒక ధర్మం ఉంది. ముందు పెట్టిన పేరుదే హక్కు. థున్‌బెర్గ్ కులం తప్పు రాసినా, "మాక్రోఫిల్లా" అన్న రెండో ముక్క 1784 నాటిది. 1830లో స్విట్జర్లాండులో పనిచేస్తున్న సెరాంజ్ దాన్ని హైడ్రాంజియా కులంలోకి మార్చి, హైడ్రాంజియా మాక్రోఫిల్లా అన్నాడు. జీబోల్ట్ పుస్తకం తర్వాతది. కాబట్టి ఓటక్సా ఒక జాతి పేరుగా కొట్టివేయబడింది. తప్పుగా గుర్తుపట్టిన పేరు బతికింది, ప్రేమతో పెట్టిన పేరు పోయింది. నర్సరీల్లో ఒక రకం పేరుగా మాత్రం ఓటక్సా ఇంకా కనిపిస్తుంది.

ఇక ఆ పాప. నాకు ఈ కథలో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఇనేనే. తల్లి వేరే పెళ్లి చేసుకుంది. తండ్రి శిష్యులు పాపను కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్లలో నినోమియ కేయిసకు ఆమెకు వైద్యం నేర్పాడు. ప్రసూతి వైద్యం నేర్చుకోవడానికి తండ్రి మరో శిష్యుడు ఇషీ సోకెన్ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆ గురువే ఆమెపై బలాత్కారం చేశాడని ఆమె కూతురు తర్వాతి కాలంలో చెప్పింది. ఆ కూతురు పుట్టింది 1852లో. ఇనే చదువు ఆపలేదు.

1858 ఒప్పందాలతో బహిష్కారం రద్దయింది. 1859లో జీబోల్ట్ తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్ల తర్వాత. అప్పటికి ఐరోపాలో ఆయనకు వేరే భార్య, పిల్లలు. వెంట పదమూడేళ్ల కొడుకు అలెగ్జాండర్ కూడా ఉన్నాడు. టకి, ఇనే వచ్చి కలిశారు. ఆ గదిలో ఎవరేం మాట్లాడారో మనం ఊహించుకోవాల్సిందే. ఆయన 1862లో వెళ్లిపోయి, 1866లో మ్యూనిక్‌లో కన్నుమూశాడు. టకి 1869లో పోయింది.

ఇనే డచ్చి వైద్యుడు పొంపె దగ్గర కూడా నేర్చుకుంది. టోక్యోలో ప్రసూతి వైద్యశాల తెరిచింది. 1873లో చక్రవర్తి అంతఃపురంలో కాన్పుకు ఆమెను పిలిపించారు. రెండేళ్లకే, 1875లో, వైద్యులకు పరీక్ష పెట్టారు. ఆడవాళ్లు రాయకూడదు! అంతఃపురానికి పనికొచ్చిన చెయ్యి పరీక్ష కాగితానికి పనికిరాలేదు. 1884లో ఆడవాళ్లకు తలుపు తెరిచారు, అప్పటికి ఆమెకు యాభై ఏడు. మంత్రసానిగానే పనిచేసింది. 1903లో చనిపోయింది.

ఇప్పుడు మన అమ్మగారి మిగతా రెండు ప్రశ్నలు.

రంగు మారడం. హైడ్రాంజియా పువ్వులో ఉన్న రంగుపదార్థం ఒక్కటే. దానికి అల్యూమినియం తోడైతే నీలం, తోడు లేకపోతే గులాబీ. అల్యూమినియం దాదాపు ప్రతి మట్టిలోనూ ఉంటుంది, కానీ మట్టి పులుపుగా ఉంటేనే కరిగి వేరుకు అందుతుంది. పీహెచ్ 5.5 కన్నా తక్కువుంటే నీలం, 6.5 దాటితే గులాబీ, మధ్యలో ఊదా, లేదా రెండూ కలగాపులగం. తోటమాలులు దీన్ని వందల ఏళ్ల కిందటే చేత్తో కనిపెట్టారు. తుప్పు మేకులు పాతిపెట్టేవారు, పటిక చల్లేవారు. మేకుల వల్ల పెద్దగా ఒరిగేది లేదు. పటిక మాత్రం పనిచేస్తుంది, ఎందుకంటే పటికలో ఉన్నది అల్యూమినియమే. 1940ల్లో అమెరికాలో జరిగిన పరిశోధనలు ఈ లెక్కను గట్టిపరిచాయి.

ఇందాక అద్దకం గుర్తుపెట్టుకోమన్నాను కదా. మన కలంకారీ పనివాళ్లు బట్టకు ముందు పటిక పట్టించి, చిరివేరు రంగులో ఉడికిస్తే ఎరుపు గట్టిగా పడుతుంది. ఆ బట్టను అంటిపెట్టుకునేది అల్యూమినియమే. మచిలీపట్నంలో బట్టకు ఎరుపునిచ్చే పటికే, నాగసాకిలో పువ్వుకు నీలాన్నిస్తుంది. ఆ రెండూళ్ల మధ్య తిరిగిన ఓడలు ఒకరివే.

కాబట్టి అమ్మా, మీ పొద గులాబీ అయిందంటే మట్టిలో సున్నం పెరిగి ఉంటుంది. పచ్చికకు సున్నం చల్లించారేమో చూడండి. కొత్త కాంక్రీటు పక్కన ఉన్నా అంతే. ఫాస్ఫరస్ ఎక్కువున్న ఎరువు కూడా అల్యూమినియాన్ని కట్టిపడేస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి, మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చేస్తారు. తర్వాతే నర్సరీలో దొరికే అల్యూమినియం సల్ఫేటు, కొంచెం కొంచెంగా, నీళ్లలో కలిపి. గుమ్మరిస్తే వేళ్లు మాడతాయి. తెల్ల రకాలకు ఏం పోసినా నీలం రాదు, డబ్బు దండగ.

మూడో పొద చచ్చిపోలేదు. మీవారు మొక్కను కాదు, పువ్వును కత్తిరించారు. జపాన్ అజిసాయి వచ్చే ఏడాది పూమొగ్గను ఈ ఏడాది కొమ్మలోనే కట్టుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుకల్లా లోపల సిద్ధం. మార్చిలో కోస్తే ఆ మొగ్గలన్నీ చెత్తబుట్టలోకే. కోయాలంటే పూలు వాడిన వెంటనే, వేసవిలోనే. ఓక్ ఆకుల్లాంటి ఆకులున్న అమెరికా రకానిదీ ఇదే పద్ధతి. బార్‌ట్రమ్ పంపిన తెల్ల పూల రకం, శంకువులా గుత్తి వేసే పానిక్యులాటా రకం మాత్రం కొత్త కొమ్మకే పూస్తాయి. వాటిని చలికాలం చివర్లో నిశ్చింతగా కోయొచ్చు. అందుకే ముందు ఏ రకమో గుర్తుపట్టాలి, తర్వాతే కత్తెర. మంచుకు కూడా పాత కొమ్మ మొగ్గలు మాడతాయి, కాబట్టి చలికాలంలో ఎండుటాకులు కప్పండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, తడి ఆరని నేల, అంతే దానికి కావలసింది.

హైదరాబాదు, విజయవాడ వాళ్లు నన్ను అడగకముందే చెబుతాను. నర్సరీలో పూలతో ఉన్న కుండీ చూసి ముచ్చటపడి కొంటాం, మరుసటి ఏడు ఆకులే. మొగ్గ కట్టడానికి దానికి చల్లటి రాత్రులు కావాలి, తర్వాత కొన్ని వారాల గట్టి చలి కావాలి. పైగా చాలాచోట్ల మన బోరునీళ్లలో సున్నం. అది మన తప్పు కాదు, దాని తప్పూ కాదు. దాన్ని చూడాలనిపిస్తే కొడైకెనాల్ వెళ్దాం, ఇంట్లో మందారం పెంచుకుందాం.

చివరి మాట. శాస్త్రం ఓటక్సాను కొట్టేసిందని చెప్పాను. కానీ నాగసాకి కొట్టేయలేదు. 1968లో ఆ నగరం అజిసాయిని తన పువ్వుగా ప్రకటించింది. ఏటా వానల్లో పండుగ చేస్తారు. ఆ పండుగ పేరులో, ఊదారంగు సూర్యుడి పువ్వు అనే ఆ మూడు అక్షరాలే రాసి, అజిసాయి అని చదవరు. ఒతకుస అని చదువుతారు. లేని స్థానిక నామాన్ని జీబోల్ట్ కల్పించాడని మకినో కోప్పడ్డాడు కదా, ఇప్పుడు ఆ ఊరివాళ్లు నిజంగానే దాన్ని ఆ పేరుతో పిలుస్తున్నారు. అబద్ధం నిజమయ్యింది. వంతెన దాటి దీవిలోకి వెళ్లడానికి అసలు పేరు దాచుకోవాల్సి వచ్చిన ఒక అమ్మాయి పేరు, ఇవాళ ఊరంతా వీధుల్లో వినిపిస్తోంది.

న్యూజెర్సీ అమ్మగారూ, ఈ ఏడు మీ మూడో పొదను ఎవరూ ముట్టుకోకుండా చూడండి. వచ్చే జూన్‌లో పూస్తే ఫోటో పంపండి. రంగు ఏదైనా సరే.

మళ్లీ కలుద్దాం. సెలవు.